చేటలో పోసిన జొన్నలు

వకీలు బూట్లు వచ్చి ఆమె ముందు ఆగాయి. ఎడమ బూటు తాడు ఊడి దుమ్ములో జీరాడుతోంది. ఆ బూట్ల పైన ఉన్న మనిషి ముఖాన్ని ఉప్పలమ్మ ఇంతవరకు చూడలేదు. ఆమె మెడ లేవదు. లేవక పదేళ్లు దాటింది. నిలబడితే ఆమె చూపు మూడు గజాల దూరంలో నేలకు తగులుతుంది, కూర్చుంటే గజం దూరంలోనే ఆగిపోతుంది. మనుషులు ఆమె దగ్గరికి పాదాలుగా వస్తారు, పాదాలుగానే వెళ్లిపోతారు.

"ఇంకొక్కసారి చెప్పమ్మా. లోపల ఏమంటవు?"

"ఉట్టిగనే తీసుకున్న అంట."

"జొన్నలు?"

"పోయలే."

"పోసినవని ఆబ్కారీ వాళ్ల కాగితంల ఉంది గద?"

"నాకు సదువు రాదు. ఆళ్లేం రాసుకున్నరో నాకు తెల్వది. ఏలిముద్ర ఎయ్యమంటె ఏసిన."

"శబాష్. గంటల పిలుస్తరు. అప్పటిదాంక గదే మాట నోట్లె నానబెట్టుకో."

బూట్లు వెళ్లిపోయాయి. ఉప్పలమ్మ నల్లగొండ కోర్టు వరండా మెట్టు మీద ఒక పక్కకు ఒరిగి కూర్చుంది. వెనక బెంచీ ఖాళీగానే ఉంది, కానీ ఒక తీరుగా వంగి బిగుసుకుపోయిన నడుము బెంచీకి తగ్గట్టు ఇంకో తీరుగా వంగదు. ఉట్టిగ. ఉట్టిగనే తీసుకున్న. ఎంత చిన్న మాట, నోట్లోకి రావడానికి ఎందుకింత గింజుకుంటోంది. పక్కింటి ఇక్బాల్ బీ ఏడు నెలలుగా జైలులో ఉంది, పెరట్లో గంజాయి పెంచినందుకు. తన మోకాళ్ల నొప్పికి తాను పెంచుకుంది, పక్కింటామె నొప్పికి జాలిపడి ఇంత పెట్టింది అంటే, ఉన్న ఏడు నెలలే శిక్ష అని జడ్జి వదిలేస్తాడని వకీలు చెప్పాడు, ఈ వారంలోనే ఇంటికి రావచ్చన్నాడు. అమ్మింది అంటే ఏండ్లు. అరవై దాటిన మనిషికి ఏండ్లంటే ఏమిటో చెప్పలేదు, మెట్టు మీద ఉన్న రాయిని బూటుతో పక్కకు నెట్టాడు. ఆబ్కారీ వాళ్లిద్దరూ పొద్దున్నే సాక్ష్యం చెప్పి పోయారు, జొన్నలు పోశానని ఉప్పలమ్మ అనగా మేం విన్నాం అని. విన్నది వాళ్లు, పోసిన చెయ్యి తనది. ఆ చెయ్యే పోయలేదంటే కేసు నిలవదు. ఇక్బాల్ బీ తరఫున సర్కారు పెట్టిన వకీలు అయినా మంచివాడే, లేకుంటే తాడు కట్టుకునే తీరిక కూడా లేకుండా మూడుసార్లు వచ్చి ఎందుకు చెప్పిస్తాడు.

నడుము కింద నొప్పి మొదలైంది. పొద్దున చౌటుప్పల్‌లో బస్సు మారినప్పుడు ఒకసారి మొదలై, కండక్టరు మీద కోపంతో కాసేపు మరుపున పడింది. జర జరుగు ముసల్దానా అన్నాడు. ముసల్దానా. వాడికి ముప్పై ఉంటాయేమో, గొంతును బట్టి. ఆమెకు నలభై ఏడు. నొప్పి ఎప్పుడూ ఒకే చోట మొదలవుతుంది, తాడు పేనేవాడు పురి ఎక్కించినట్టు ఎముక లోపలే మెలిక తిరుగుతూ పైకి వస్తుంది, భుజాల మధ్యకి, మెడకి, అక్కడ ముడి పడుతుంది. ఇంతకు ముందు ఇక్బాల్ బీ మందిచ్చే జుమ్మెరాత్, గురువారం వరకు ఓర్చుకుంటే చాలని తెలుసు కాబట్టి ఓర్చుకునేది. మందు ఉన్న నొప్పి వేరు, మందు లేని నొప్పి వేరు. ఏడు నెలల నుంచి వారం వారం జుమ్మెరాత్ వస్తోంది, పోతోంది, ఇక్బాల్ బీ తలుపుకు ఆబ్కారీ వాళ్లు వేసిన తాళం వర్షానికి తుప్పు పట్టింది. నిజం చెప్పు ఉప్పలమ్మా, ఇప్పుడెవరూ వినడం లేదు, నీకు కావలసింది ఇక్బాల్ బీనా, ఆమె చేసిచ్చే ఆకు ఉండనా. జైలుకి ఒక్కసారైనా పోయినవా. నడుము బాగలేదని పోలేదు. నడుము బాగున్న రోజు ఎప్పుడైనా ఉందా పోవడానికి.

పాత చెప్పులు రెండు వచ్చి పక్కన నిలబడ్డాయి. కుడి చెప్పు వారుకు సీల వేసి ఉంది. మొగుడు సోమన్న. చాయ్ తెచ్చాడు. తల వెనక్కి వంచలేని మనిషి గ్లాసుతో తాగలేదని ఆయనకు తెలుసు, సాసర్లో పోసి పెదవి దగ్గర పట్టుకున్నాడు.

"ఏమంటడు వకీలు?"

"జొన్నలు పోయలేదని చెప్పాల్నట."

"చెప్పు మరి. గాదానికి గంత సోంచాయించుడు ఎందుకు? నోరు నీది, జొన్నలు నావి. నా చేన్ల పండిన జొన్నలు నేను మాఫ్ చేసిన అనుకో, అబద్ధం గూడ గాదు."

"నువ్వూకో జర."

సోమన్న నవ్వాడు. నోట్లో నిన్నటి సారా వాసన ఇంకా ఉంది. బడి పక్కన సర్కారు సారా దుకాణం, పొట్లాలు వేలాడదీసి అమ్ముతారు, దాని మీద సర్కారు ముద్ర ఉంటుంది. నొప్పి మొదలైన రోజుల్లో ఒక పొట్లం తెచ్చి పళ్లతో కొరికి ఆమె నోట్లో పోశాడు, ప్రేమగానే. కడుపు మండి రెండు రోజులు వాంతులు చేసుకుంది, నొప్పి ఉన్న చోటే ఉంది. ఆ పొట్లం కోసం ఏ ఆబ్కారీ జీపూ రాలేదు. ఆర్ఎంపీ డాక్టరు తెల్ల గోళీలు ఇచ్చాడు, అవి మింగి మింగి ఒక రోజు నెత్తురు కక్కింది, ఆయన కోసమూ రాలేదు. వాళ్ల మీద రావాలని కాదు. ఎందుకు రావాలి. ఒక్క చెట్టు మీదికే ఎందుకు వచ్చారని.

అసలు ఎవరి మీదికి రావాలి. బోరింగు మీదికి. ఆ బోరింగు పడిన రోజు ఊరంతా కొబ్బరికాయలు కొట్టింది. పంపుకు పసుపు రాసి బొట్టు పెట్టింది తనే, కొత్త కోడలు కదా అని అత్త ముందుకు తోసింది. అప్పుడు తల ఎత్తి చూస్తే పంపు పిడి పట్టుకున్న ఇంజనీరు నవ్వుతున్న ముఖం కనబడింది, ముఖాలు కనబడే రోజులు అవి. బావులు ఎండిపోయాయి, ఎండాకాలం వాగు ఇసుకలో తవ్విన చెలిమెల దగ్గర కొట్లాటలు, ఇక ఆ బాధ లేదన్నారు. తియ్యగా ఉన్నాయని తాగారు. ముందు పిల్లల పళ్లు గారపట్టాయి, తరువాత మోకాళ్లు వంకర పోయాయి, ఆ తరువాత ఆడవాళ్ల నడుములు. పట్నం నుంచి సీసాలు పట్టుకొని మనుషులు వచ్చి నీళ్లు తీసుకుపోయారు. మరో ఏడు వచ్చి బోరింగుకు ఎర్ర రంగు పూసి పోయారు. ఎర్ర రంగంటే తాగొద్దని అర్థమట. ఆ రంగు పూసినవాడు దాహమైందని ఇక్బాల్ బీ ఇంట్లో చెలిమె నీళ్లు అడిగి తాగి పోయాడు. మూడో ఏడు బడిలో డాక్టర్లు కూర్చుని ఫోటోలు తీశారు, ఎముకల ఫోటో, పళ్ల ఫోటో, గోడకు ఆనించి నిలబెట్టి పక్క నుంచి ఒకటి. వేరే నీళ్లు తాగాలమ్మా అన్నాడు డాక్టరు. ఎక్కడున్నాయి సారూ అని అడిగింది. ఆయన బూట్లు కొంచెం వెనక్కి జరిగాయి. ఆ బోరింగు ఇప్పటికీ ఉంది. పొద్దున బయలుదేరేటప్పుడు కూడా ఆ నీళ్లే తాగి వచ్చింది. ఇక్బాల్ బీ గంజాయి చెట్లను వేళ్లతో సహా పీకి జీపులో వేసుకుపోయారు. పంపును ఎవరూ పీకలేదు.

ఉట్టిగనే తీసుకున్న. ఇక్బాల్ బీ జాలిపడి ఇచ్చింది. ఆ మొదటి రోజు ఆమె ఎక్కడ జాలిపడింది. తలుపు దగ్గర నిలబెట్టేసింది. నీ ఇంట్ల ఎద్దులకు పెట్టే ఆకు ఉందట గదా అక్కా, నాకింత ఇయ్యి, ఎద్దుకన్న ఎక్కువ బరువు మోసిన అని అడిగింది తను, గోడ పట్టుకొని. ఇక్బాల్ బీ భర్త మెహమూద్ కొల్లాపూర్ నుంచి వచ్చి ఊళ్లో నిలబడిపోయినవాడు, ఎద్దులకు నాడాలు కొట్టేవాడు. ఎద్దును తాడుతో పడేసి కాళ్లు కట్టి గిట్టలకు ఇనుప నాడాలు బిగించాలి. బెదిరిన ఎద్దుకు ముందు బెల్లంలో కలిపి ఆకు తినిపిస్తే కాసేపటికి కళ్లు మగతబడి నిమ్మళంగా పడుకునేది. కాలు విరిగిన ఎద్దుకూ అదే. ట్రాక్టర్లు వచ్చి ఎద్దులు పోయాయి, ఎద్దుల వెనకే మెహమూద్ పోయాడు. ఆ ఆకు గింజలు మాత్రం ఒక గుడ్డ ముడిలో మిగిలాయి. జాలాడి వెనక స్నానం నీళ్లు పారే చోట ఏటా రెండు మూడు మొక్కలు పెట్టేది ఇక్బాల్ బీ, బంతి మొక్కల మధ్యన. పూత పట్టగానే వేళ్లతో విప్పి చూసి, పోతు మొక్క అయితే నిర్దాక్షిణ్యంగా పీకేసేది. బొప్పాయిలో పోతు ఉన్నట్టే చెల్లె, దీంట్ల గూడ పోతుది దేనికీ పనికి రాదు, మనుషుల్లెక్కనే అని. ఆ మాటకు ఇద్దరూ నవ్వేవాళ్లు. అది తరువాతి సంగతి. మొదటి రోజు నవ్వలేదు.

"చేతుల ఏం తెచ్చినవు?" అంది.

"ఏం తేలే అక్కా. పైసల్లేవు."

"పైసలెవరడిగిన్రు? పో, గుప్పెడు గింజలు తే. జొన్నలో, సజ్జలో. మందు ఉట్టిగ తీసుకోవద్దు. ఉట్టిగ తీసుకుంటె మందు పని జెయ్యది, నీ నొప్పొచ్చి నన్ను పట్టుకుంటది. బిచ్చమెయ్యడానికి నేను దొరసాన్ని గాదు, అడుక్కోవడానికి నువ్వు బిచ్చగత్తెవు గాదు."

ఆ నొప్పితో ఇంటికి తిరిగి పోయి గుమ్మిలో చెయ్యి పెట్టి, కొంగులో గుప్పెడు జొన్నలు పోసుకొని మళ్లీ వచ్చింది. నలభై అడుగుల దూరం, నాలుగు చోట్ల ఆగింది. మనసులో తిట్టుకుంది కూడా. చేట ముందుకు జరిపింది ఇక్బాల్ బీ, అందులో పోసింది. ఆ జొన్నలు ఇక్బాల్ బీ ఎన్నడూ వండుకోలేదు, మందుకు పోసిన గింజ మందిచ్చినవాళ్లు తినకూడదు. తన కళ్ల ముందే కోళ్లకు చల్లేసింది. ఈ సంగతి వకీలుకు చెబితే, కోళ్ల ముచ్చట లోపల తీయకు తల్లీ, కోళ్లు గుడ్లు పెడతయి, గుడ్లు అమ్మిందా అని అడుగుతరు అన్నాడు. నవ్వులాటకే అన్నాడేమో. ముఖం కనబడితే తెలిసేది.

రేగిపండంత ఉండ. చేదు, బెల్లం, నెయ్యి వాసన. మింగి ఇంటికి వచ్చి పొయ్యి దగ్గర కూర్చుంది. ఏమీ కాలేదు. మోసపోయాననుకుంది, జొన్నలు పోయాయి అనుకుంది. చింతపండు పిసుకుతూ ఉండగా ఎప్పుడో గమనించింది, తన భుజాలు కిందికి దిగి ఉన్నాయి. ఎన్నేళ్లుగానో భుజాలను చెవుల దగ్గర పట్టుకొని బతుకుతోందని అప్పటిదాకా తెలియలేదు. నొప్పి పోలేదు. పక్కింట్లో ఎవరో ఏడుస్తున్నట్టుగా దూరంగా వినబడుతోంది, అంతే, ఏడ్చేది తను కాదు. ఆకలి వేసింది. పులుసు ఇంత పుల్లగా, ఇంత బాగా ఉంటుందని మరిచిపోయింది. సోమన్న గురక పెడితే నవ్వు వచ్చింది. అంతే, ఇంతకన్న ఆ చెట్టు చేసిన నేరం ఏమీ లేదు. అప్పటి నుంచి నాలుగేళ్లు, వారానికి ఒక గుప్పెడు. పటేలు తన నడుముకు కావాలని జీతగాణ్ణి పంపాడు ఒకసారి. గింజలేవి అని అడిగింది ఇక్బాల్ బీ. పటేలు ఎవరికీ ఏమీ ఇయ్యడు, తీసుకుంటడు అన్నాడు వాడు. అయితే నొప్పి గూడ ఉంచుకొమ్మను అని తలుపు వేసుకుంది. ఊరంతా వారం రోజులు ఈ మాటే చెప్పుకుంది. ఆ ఊరి ముందు, ఆ మనిషి ముందు, ఉట్టిగ తీసుకున్నానని చెప్పాలి. ఊరివాళ్లెవరూ రాలేదు కోర్టుకు. ఇక్బాల్ బీ వస్తుంది.

వచ్చింది. ముందు ఖాకీ చీర అంచు, నల్ల బూట్లు, ఆడ కానిస్టేబులు. ఆ వెనక రెండు పాదాలు. ఉప్పలమ్మ మొదట గుర్తుపట్టలేదు. ఇక్బాల్ బీ పాదాలు సన్నగా, మడమలు పగిలి, ఎప్పుడూ పేడ మరక ఒకటి అంటుకొని ఉండేవి. ఇవి బూరెల్లా పొంగి, కడిగినట్టు తెల్లగా, ఎవరివో నీలం రబ్బరు చెప్పుల్లో ఇరుక్కుని ఉన్నాయి. కుడి కాలి చిటికెన వేలు మాత్రం అదే, ఎద్దు తొక్కి చితికింది, పక్క వేలు మీదికి ఎక్కి ఉంటుంది. ఆ పాదాలు ఆమెను చూడగానే ఆగాయి.

"చెల్లె. కోళ్లు మంచిగున్నయా?"

"ఉన్నయక్కా."

నాలుగున్నాయి. ఇక్బాల్ బీ వదిలిపోయిన ఆరింట్లో ఒకటి గద్ద తన్నుకుపోయింది. ఇంకొకటి సోమన్న బావమరిది వచ్చిన రోజు కోశారు, ఆమె కూడా తిన్నది, రెండు ముక్కలు, ఎముక చప్పరించింది కూడా. ఇప్పుడు కాదు ఆ మాట. ఇప్పుడు చెప్పవలసింది వేరే ఉంది, అక్కా, నేను లోపల ఉట్టిగ అంట, నువ్వు నోరు మూసుకొని ఉండు, నీ మీద ఒట్టు, నొప్పి వచ్చి నిన్ను పట్టుకున్నా సరే ఇంటికి రా, అక్కడ చూసుకుందాం.

"అక్కా, జర ఇను. నేను లోపల—"

"ఏయ్, సాక్షితోని ముచ్చట్లేంది? నడువు." బూటు ఆ రెండు పాదాల మధ్యకు వచ్చింది. నీలం చెప్పులు కదిలాయి. వకీలు చెప్పి ఉంటాడులే. ఏది అడిగినా తెల్వదు అనుమని చెప్పానన్నాడు. ఇక్బాల్ బీ ఎన్నడైనా ఏదైనా తెల్వదు అన్నదా, మెహమూద్ చనిపోయే ముందు రోజు ఎంతసేపు బతుకుతాడని డాక్టరును అడగకుండా తనే చెప్పింది.

ఆబ్కారీ వాళ్లు వచ్చిన ఆ జుమ్మెరాత్ కూడా అంతే, తెల్వదు అంటే సరిపోయేది, ఇద్దరిలో ఒకరైనా. ఎవరూ పట్టించలేదు, అదీ కడుపు మండే సంగతి. చాడీ చెప్పినవాడు ఒకడుంటే వాడికి శాపనార్థాలు పెట్టుకుంటూ బతకవచ్చు. ఆబ్కారీ జీపు తండాల వైపు దొంగ సారా బట్టీల కోసం పోయి ఏమీ దొరక్క తిరిగి వస్తూ ఉంది. దాహం. ఎర్ర రంగు పంపు చూసి, మంచినీళ్లు ఎవరింట్ల ఉంటయి అని అడిగితే పిల్లలు ఇక్బాల్ బీ ఇల్లు చూపించారు. రోజూ కోసెడు దూరం పోయి చెలిమె నీళ్లు తెచ్చుకునే మొండి మనిషి ఊళ్లో ఆమె ఒక్కతే. ఎస్సై రెండు చెంబులు తాగాడు. తాగినవాడు తాగినట్టు పోలేదు, వెనక జాలాడి పక్కకు ఒంటికి పోయాడు. తిరిగి వచ్చిన బూట్లు వేరే తీరుగా నడిచాయి, మెల్లగా. ఉప్పలమ్మ అప్పటికే కొంగులో జొన్నలతో తలుపు దగ్గర ఉంది.

"ఏం బీబీ, బంతిపూల నడుమ గదేం పువ్వు?"

"మందు సార్. ఎద్దులకు పెట్టేది. ఇప్పుడు మనుషులకు."

"నువ్వే తింటవా, ఊరికంత పెడతవా?"

"నొప్పున్నోళ్లు అడిగితె ఇస్త."

బూట్లు ఇటు తిరిగాయి. "నువ్వేనా నొప్పున్నదానివి? గిట్ల వంగినవేంది, నమస్తే పెట్టబోతున్నవేమో అనుకున్న." వెనక ఎవరో నవ్వారు. "ఉట్టిగనే ఇస్తదా నీకు? మంచి గిరాకే చూసుకున్నవు పో, ఉట్టి మందు."

ఆ నవ్వే. ఆ నవ్వు లేకపోతే నోరు విప్పేది కాదు. తన వంకర నడుమును నవ్వాడు, ఊరుకుంది, అది అలవాటే. ఉట్టి మందు అన్నాడు. పక్కింటి మీద పడి తినే మనిషిలా చూశాడు. "ఉట్టిగ ఎందుకు తీసుకుంట సార్? వారానికి గుప్పెడు గింజలు పోస్త. ఇగో." కొంగు విప్పి చూపించింది కూడా. జొన్నలు, తెల్లవి, చెరిగి తెచ్చినవి. చూపించింది, అవమానం తీర్చుకుంది. ఎంతసేపు, ఒక చెంబు నీళ్లు తాగినంతసేపు. రాసుకోవయ్యా అన్నాడు ఎస్సై పక్కవాడితో, గింజలు తీసుకొని అమ్ముతున్నది, సాక్షి పేరు ఉప్పలమ్మ. ఇక్బాల్ బీ అప్పుడు కూడా భయపడలేదు. అవును సార్, ఉట్టిగ ఇయ్యను, ఉట్టిగ ఇస్తె పని జెయ్యది అని ఆయనకు విడమరిచి చెబుతోంది, ఆయన నడుముకూ కావాలేమో అన్నట్టు. ఇద్దరు మూర్ఖురాళ్లు, ఒకరిని మించి ఒకరు, మర్యాద మర్యాద అని.

పిలిచారు. సాక్షి ఉప్పలమ్మ, అని మూడుసార్లు. సోమన్న రెక్క పట్టుకొని గడప దాకా తీసుకుపోయి వదిలాడు. లోపల సిమెంటు నేల, కుర్చీల కాళ్లు, బూట్లు, చెప్పులు, ఫ్యాను కింద ఎగురుతున్న ఒక కాగితం ముక్క. బోనులోకి ఎక్కించారు. బోనుకు నాలుగు వైపులా చెక్కలు. ఇక పాదాలు కూడా లేవు. కనబడేది కాళ్ల కింది చెక్క, దానిలో పైకి లేచిన ఒక మేకు తల. మిగతావన్నీ గొంతులే. అంతా నిజమే చెబుతానని ఒట్టు పెట్టించారు, పెట్టింది. జడ్జి గొంతు ఎత్తు నుంచి వచ్చింది, మెత్తగా ఉంది, కోస్తా మాట. ఆమెకు కుర్చీ వేయండి అన్నాడు. కూసోరాదు సార్ అంది.

అవతలి పక్షం, సర్కారు వకీలు అడిగాడు. "ప్రతివారం ఆకు తీసుకొని జొన్నలు పోసిన అని ఆబ్కారీ సార్లకు చెప్పినవా లేదా?"

"చెప్పలే."

"పోసినవా?"

"పోయలే."

"అయితే ఉట్టిగనే ఇచ్చింది. నాలుగేండ్లు. నీకు చుట్టమా?"

"పక్కిల్లు."

"పక్కింటోళ్లకు ఉట్టిగ గంజాయి పంచుతరా అమ్మా మీ ఊర్ల? మంచి ఊరే. మాకు గూడ ఇంటి జాగా చూడు." కుర్చీలు కిర్రుమన్నాయి, నవ్వారు. "ఎందుకిచ్చింది ఉట్టిగ?"

వకీలు ఇది నేర్పలేదు. నొప్పి మెడ దగ్గరికి వచ్చి ముడి పడుతోంది. మేకు తలను చూస్తూ నిలబడింది. ఎందుకిచ్చింది ఉట్టిగ. చెప్పాలి, ఏదో ఒకటి చెప్పాలి, ఇంకెవరూ అడగడానికి వీల్లేకుండా.

"అడుక్కున్న సార్," అంది. "నేనే అడుక్కున్న. చెయ్యి చాపి, కాళ్లు పట్టుకొని బిచ్చమడిగిన. పీడ పోతదని పెట్టింది."

ఎవరూ నవ్వలేదు. సర్కారు వకీలు, సాక్షి ఎదురు తిరిగింది అని ఏదో అన్నాడు. ఆయన గొంతులో కోపం కూడా లేదు, అన్నానికి పొద్దుపోతోందన్నట్టు ఉంది. అయిపోయింది. ఏడు నెలలుగా మింగుడుపడనిది బయటికి ఊసేసింది. ఇంటికి పోతే ముందు ఆ తాళం తీయించాలి, ఇల్లు ఊడ్చాలి, గింజల గుడ్డ ముడి ఉందో లేదో.

జడ్జి కాసేపు కాగితాలు తిప్పాడు. సాక్షులు అయిపోయినట్టే కదా, ముద్దాయిని అడుగుదాం అన్నాడు. "ఇక్బాల్ బీ గారూ, విన్నారు కదా. మీరు ఆ ఆకును ఎవరికీ అమ్మలేదని, ఈవిడ బతిమాలితే దయతలచి ఊరికే ఇచ్చారని సాక్షి చెబుతోంది. మీరేమంటారు?"

తెల్వదు అను. అవును అను. తల ఊపు, చాలు. ఉప్పలమ్మ చెక్కను పట్టుకుంది.

"అబద్ధం సాబ్."

"అమ్మా," అన్నాడు వకీలు. "అమ్మా, ఆగు."

"ఎట్ల ఆగుతరు సార్? ఉప్పలమ్మ బిచ్చమడిగే మనిషి గాదు. నన్ను బయటెయ్యాల్నని నలుగుర్ల తన ఇజ్జత్ తీసుకుంటాంది. నాలుగేండ్లల్ల ఒక్క జుమ్మెరాత్ ఉట్టి చేతులతోని రాలే. ఇంట్ల గింజలు లేనినాడు బదులు తెచ్చి పోసింది."

టైపు మిషను ఆగింది. జడ్జి గొంతు ఇంకా మెత్తగా వచ్చింది. "తొందరపడకండి. నేను మళ్లీ అడుగుతున్నాను, ఆలోచించి చెప్పండి. ఆమె మీకు జొన్నలు ఇచ్చిందా, లేదా?"

"ఇచ్చింది సాబ్. మంచి జొన్నలు. రాళ్లు గూడ ఏరి తెచ్చేది."

మిషను మళ్లీ మొదలైంది. ఉప్పలమ్మకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. నీ మర్యాద ఎవరడిగారు, ముసలిదానా. నా ఇజ్జత్ నేను అమ్ముకున్నాను, మొదటిసారి ఒక పనికొచ్చే బేరం చేశాను, దాన్ని కూడా నువ్వే చెడగొట్టావు. ఆ రోజు తలుపు దగ్గరే ఉట్టిగ ఒక ఉండ నోట్లో పడేసి ఉంటే, ఇద్దరికీ ఇంత ఉండేదా. ఇప్పుడు ఏండ్లు ఎన్నో ఆ మెత్తటి గొంతు చెబుతుంది. నీకు అక్కడ. నాకు ఇక్కడ.

బోనులోంచి ఎవరో దింపారు. వరండాలో గోడ పట్టుకొని నిలబడింది. వకీలు బూట్లు ఆమె దగ్గరికి రాలేదు, దూరంగా ఒకచోట నిలబడి సిగరెట్టు ముట్టించుకున్నాయి, అగ్గిపుల్ల కింద పడింది. తీర్పు సోమవారం అని సోమన్న ఎవరితోనో అంటున్నాడు. నల్ల బూట్లు బయటికి వచ్చాయి, వాటి వెనక నీలం చెప్పులు. ఈసారి కానిస్టేబులు అడ్డం రాలేదు. ఆమె కూడా లోపల విన్నది.

నీలం చెప్పులు దగ్గరికి వచ్చాయి, బాగా దగ్గరికి. నడుము మీద ఒక చెయ్యి పడింది, ఎముక ఎముకకూ వేలు పెట్టి చూస్తూ పైకి వచ్చింది, ఎద్దును చూసినట్టు.

"నొప్పెట్లుంది చెల్లె? మందు లేక చానా దినాలాయె."

మెడ దగ్గర ముడి బిగుసుకుపోయింది. కోపం కూడా ఉంది ఇంకా. అయినా ఈ అబద్ధానికి ఏ వకీలూ నేర్పవలసిన పని లేకపోయింది.

"తగ్గిందక్కా. ఇప్పుడంత లేదు."

"తగ్గకేం జేస్తది," అంది ఇక్బాల్ బీ, తృప్తిగా. "నువ్వేమన్న ఉట్టిగ తీసుకున్నవా?"